సెప్టెంబర్ 17: పాత రోజులంటే రెండు కొసలవాళ్లకీ ఎందుకంత మోజు?

మూసీగట్టు:
1948లో నిజాం హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజుకి ఏ పేరు పెట్టాలని ఏటా ఇదే గొడవ. 2022 నుంచి కేంద్రం విమోచన దినం అంటోంది, అదే ఏడు రాష్ట్రం సమైక్యతా దినం అంది, 2024కి వచ్చేసరికి ప్రజాపాలన దినోత్సవం అయింది, ఎర్రజెండావాళ్లలో కొందరైతే విద్రోహం అంటారు. పేరేదైనా పెట్టుకోండి గానీ నాకు బాధేంటంటే ఈ చివరవాళ్లూ ఆ చివరవాళ్లూ తలా ఒక ముక్క పట్టుకుని అదే బంగారు కాలం అన్నట్టు పిల్లలకి చెప్తున్నారు. ఒకళ్లకి పటేల్ సైన్యం దిగిన ఆ ఐదు రోజులు, ఇంకొకళ్లకి దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం ఊళ్లలో నడిచిన రోజులు. మీకేమనిపిస్తుంది?

జనగామ తమ్ముడు:
రెంటినీ ఒకే గాటన కట్టకన్నా. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిండు, పాలకుర్తిల ఐలమ్మ తన పంట దొర గడీకి పోనియ్యలె. గివి జరిగిన ముచ్చట్లు, కలలు గావు. నీ బాంచెన్ కాల్మొక్త అన్నోడే బందూకు పట్టిండంటే ఏదో ఒక ఆశ ఉంటేనే గదా పట్టేది.

భువనగిరి కోట:
మరి బైరాన్‌పల్లి? 1948 ఆగస్టు 27న ఆ ఊరి బురుజు దగ్గర నిజాం వైపు రజాకార్లు జనాన్ని ఎట్లా చంపారో చెప్తే పాత మోజా? సైన్యం రాకపోయుంటే ఇంకెన్ని ఊళ్లు అట్లయ్యేవో. మా ఇంట్లో ఇప్పటికీ ఆ రోజులంటే భయపడతారు.

నల్లగొండ అక్క:
ఇద్దరు చెప్పింది నిజమే తమ్మీ, నేను కాదంటలేను. మీరు వదిలేసినయే చెప్త. రజాకార్లను తిట్టి రాసినందుకు 1948 ఆగస్టుల ప్రాణం పోగొట్టుకున్న ఇమ్రోజ్ పేపరు ఎడిటర్ షోయబుల్లాఖాన్ ముస్లిమే, విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కొట్లాడి చచ్చిపోయిన బందగీ ముస్లిమే, ఆ దేశ్‌ముఖేమో రామచంద్రారెడ్డి. ఇంక సైన్యం వచ్చినంక మరాఠ్వాడా దిక్కు, బీదర్, గుల్బర్గా దిక్కు ముస్లింల మీద జరిగిన హత్యలు చూసొచ్చిన, కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ, సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయిన్రని అంచనా కట్టింది. విమోచన సభల ఒక్కడన్న ఆ ముచ్చట తీస్తడా? పోయినోళ్లు కూడ ఈ నేలోళ్లే గద.

జనగామ తమ్ముడూ, ఇగ నీకు. మా తాతకు సంఘపోళ్లు రెండెకరాలు పంచిన్రు, సైన్యం వచ్చినంక ఊరిడిచి పోయిన దొర ఖద్దరు టోపీ పెట్టుకోని వచ్చి మళ్ల గుంజుకున్నడు. అప్పుడు ఇగ తుపాకి దించుదాం అన్నది బయటోళ్లు కాదు, పోరాటం నడిపిన రావి నారాయణరెడ్డే అన్నడు. ఆయన మాట విననోళ్లతోని 1951 అక్టోబర్ దాకా సాగింది, ఆ మూడేండ్లల్ల అడవిల పోయిన పిల్లల లెక్క ఎవరు చెప్పాలె? దళాలల్ల తిరిగిన ఆడోళ్లను పోరాటం ఆగినంక ఇంటికి పోయి వంట జేసుకొమ్మన్నరు, ఆ మాట వాళ్లే ముసలితనంల చెప్పుకోని ఏడ్చిన్రు. వాళ్ల ఆశ మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను, అందుకనే వాళ్ల బతుకును స్తూపం మీది బొమ్మ లెక్క చేస్తే పానం ఒప్పది.

భువనగిరి కోట:
షోయబుల్లాఖాన్ గురించి విన్నాను అక్కా, బందగీ పేరు మాత్రం ఇదే మొదటిసారి. మరాఠ్వాడా సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అయినా బైరాన్‌పల్లిని పక్కన పెట్టలేను.

నల్లగొండ అక్క:
పెట్టొద్దు తమ్మీ. దాని పక్కన ఇవి కూడ పెట్టు అంటున్న.

జనగామ తమ్ముడు:
ఆడోళ్ల ముచ్చట ఒప్పుకుంటనక్కా, మా మీటింగులల్ల ఎన్నడు చెప్పలె, చెప్పాలె. గని 1948లనే ఆపితే అయిపోయేదంటే ఒప్పుకోను. జాగీర్లు 1949ల రద్దయినయి, కౌల్దారీ చట్టం 1950ల వచ్చింది, అడవిల తుపాకి లేకుంటే అవి వచ్చేటివా? మా ఊళ్లె ఆ చట్టం కింద కౌల్దారుకు భూమి మీద హక్కిచ్చే 38ఈ సర్టిఫికెట్ పట్టుకోని ఇప్పటికి కోర్టు చుట్టు తిరిగేటోళ్లున్నరు, చట్టం వచ్చినంకనే గీ తీరుంటే అది గూడ లేకపోతే మీ తాతకు ఆ రెండెకరాలు అడిగే హక్కన్న ఉండేదా?