కండబలం, గుండెనిబ్బరం: అలిపిరి మెట్ల మీద మొదలైన సందేహం

కొర్లగుంట వాసి:
నాకు 29 ఏళ్లు. ఆరేళ్లుగా క్రమం తప్పకుండా జిమ్‌కు వెళ్తున్నాను. 120 కిలోల బరువును నేల మీది నుంచి ఎత్తగలను. గత నెలలో మా అవ్వతో కలిసి అలిపిరి దారిన కొండకు నడిచాను. ఆమెకు 68 ఏళ్లు, బరువు 45 కిలోలు దాటదు. ప్రతి మెట్టు దగ్గరా వంగి, పొట్లంలోని పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, ఆ తరువాతే ఆ మెట్టు మీద కాలు మోపేది. నేనేమో మొదటి అయిదారు వందల మెట్లు పరుగులాంటి నడకతో ఎక్కి, గాలి గోపురం చేరకముందే తొడలు వణకడంతో ఒక మజ్జిగ కొట్టు పక్కన కూలబడ్డాను. చాలాసేపటికి అవ్వ వచ్చి, "ఏం నాయనా, అప్పుడే అయిపోయిందా?" అని అడిగి, నా కాళ్ల పక్కన ఉన్న మెట్టుకు కూడా బొట్టు పెట్టి ముందుకు సాగింది. 3550 మెట్లకూ అలాగే వంగింది. ఆమెను నడిపించినది మనోబలమేనా? మీ అనుభవాలు తెలియజేయగలరు.

బైరాగిపట్టెడ ఫిజియో:
కొంతవరకే. బరువు ఎత్తడానికి కావలసిన బలం కొన్ని క్షణాలది. మెట్లెక్కడానికి కావలసినది గంటల తరబడి గుండె, ఊపిరితిత్తులు కండరాలకు ప్రాణవాయువు అందించగల ఓర్పు. మీరు పరుగెత్తి కండరాలలోని నిల్వను మొదట్లోనే ఖర్చు చేశారు. అవ్వ మెట్టుమెట్టుకూ ఆగడం వల్ల ఆమెకు ఆయాసం వచ్చే అవకాశమే లేకపోయింది. భక్తి ఆమెకు సరైన వేగాన్ని కూడా నేర్పిందని నాకనిపిస్తుంది.

చంద్రగిరి కోడలు:
అవ్వ ఏ పని చేసేవారో ఎవరూ అడగలేదు. మా అత్తగారి వయసు ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో పొద్దుగూకేవరకు వంగి నాట్లు వేసినవారు. ఆ నడుముకు మెట్టు దగ్గర వంగడం కొత్త కాదు. ఒళ్లు అరగదీసుకుని సంపాదించిన సత్తువకు మనోబలమని పేరు పెట్టి, వారి కష్టాన్ని లెక్కలోంచి తీసివేస్తున్నామేమో ఆలోచించండి.

చిత్తూరు సంతపేట:
పై మాటతో ఏకీభవిస్తూనే మా నాన్నగారి సంగతి చెబుతాను. ఆయన బెల్లం మండీలో హమాలీగా ముప్పయ్యేళ్లు పనిచేశారు. లారీ మీదికి మూటలు అందించడంలో ఆయనకు సాటి లేరని తోటివారు అనేవారు. 58వ ఏట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మొదటి రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కలిపి పెడితే మొహం తిప్పుకునేవారు. బలమే తానని నమ్మిన మనిషికి అది పోతే ఏమీ మిగలదని అప్పుడు భయపడ్డాను. ఒకనాటి ఉదయం వసారాలో కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి ప్రయత్నించడం చూశాను. బొటనవేలితో గుండీని నొక్కి పట్టి, చూపుడువేలితో కాజాను లాగుతూ, అది జారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. అమ్మ దగ్గరికి వెళ్తే కళ్లతోనే వద్దన్నారు. ఆ ఒక్క గుండీకి దాదాపు పావుగంట పట్టింది. మిగతావి పెట్టుకోకుండానే కాఫీ అడిగారు. ఆయన మూటలు మోసిన రోజుల్లో నాకు కనిపించనిదేదో ఆ పావుగంటలో కనిపించింది. దానికి మీరు ఏ పేరు పెట్టినా అభ్యంతరం లేదు.

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు:
కోడి రామమూర్తి నాయుడు గారిని (1882–1942) తలచుకోకుండా ఈ చర్చ ముగియదు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మల్లుడిగా అందరికీ తెలుసు. అయితే ఆయన ప్రాణాయామాన్ని, ఊపిరి బిగబట్టే వాయుస్తంభనను సాధన చేసినవారు. ఆ కాలపు తాలింఖానాల్లో, అంటే వ్యాయామశాలల్లో, కండను, ఊపిరిని విడివిడిగా నేర్పేవారు కాదు. ఇప్పటి జిమ్ములలో అద్దాలు ఎక్కువయ్యాయి, అది వేరే సంగతి.

బైరాగిపట్టెడ ఫిజియో:
ఒక హెచ్చరిక. ఛాతీలో నొప్పి వస్తున్నా మనోబలంతో ఎక్కేస్తామనేవారు నా దగ్గరికి వస్తుంటారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు నడకదారిన రావద్దని టీటీడీ కూడా సూచించింది. నొప్పిని భరించడం వేరు, శరీరం చెప్పే మాటను పెడచెవిన పెట్టడం వేరు.

కొర్లగుంట వాసి:
చంద్రగిరి వారి ప్రశ్నను అవ్వను అడిగాను. పెళ్లయిన ఏడాది నుంచి నాట్లకు, కలుపుకు వెళ్లేదట. ఈసారి 2388 మెట్లే ఉన్న శ్రీవారి మెట్టు దారిన వెళదామన్నాను. ఒప్పుకోలేదు, అలిపిరి దారిలో వచ్చే నెలకూ మొక్కు ఉన్నదట. పసుపు పొట్లం నన్ను పట్టుకోమన్నది.