సంక్రాంతి తర్వాత పదో తరగతి పట్టు తప్పుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: పడమటి_మాస్టారు

మాది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక జెడ్పీ హైస్కూల్. పదో తరగతి ఇన్‌చార్జిని. ఎస్ఏ-1 (మొదటి సమ్మేటివ్ పరీక్ష) దాకా బండి బాగానే నడిచింది. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చాక హాజరు పడిపోయింది. కొందరు అమ్మానాన్నలతో సుగ్గికి (కోతల కూలి వలసకు) గుంటూరు వైపు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో మూడో వంతు మంది లెక్కల్లో 35 దాటట్లేదు. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా కూర్చోబెడుతున్నాం, రోజూ స్లిప్ టెస్టు పెడుతున్నాం, వంద రోజుల ప్రణాళిక పట్టికలో ఉన్నదంతా చేస్తున్నాం. అయినా మార్కులు కదలట్లేదు. మార్చిలోపు నిజంగా పనిచేసేవి ఏవో చెప్పండి. "మోటివేట్ చేయండి" అని మాత్రం అనొద్దు, ఆ మాట మీటింగుల్లో రోజూ వింటున్నాం.

జవాబు: లెక్కల_టీచర్

సార్, పది గంటల కూర్చోబెట్టుడే సగం సమస్య. గంటల సంగతి పక్కన పెట్టి ఎస్ఏ-1 జవాబు పత్రాలు మళ్లీ బయటికి తీయండి. మొత్తం మార్కులతో పని లేదు. ఒక చార్టు మీద అడ్డంగా ప్రశ్న నంబర్లు, నిలువుగా పిల్లల పేర్లు రాయండి. ప్రతి గడిలో మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: అసలు ముట్టుకోలేదు, మొదలుపెట్టి మధ్యలో ఆగాడు, చివరిదాకా వెళ్లి తప్పు చేశాడు. పూర్తిగా సరైనవి ఖాళీగా వదిలేయండి. ఇద్దరు టీచర్లు కూర్చుంటే రెండు సాయంత్రాల్లో అయిపోయే పని.

ముట్టుకోనిదానికి పాఠం మళ్లీ చెప్పాలి. అయితే ఆ గుర్తు ఉన్న ఏడెనిమిది మందికే చెప్పండి, తరగతి మొత్తానికి కాదు. మధ్యలో ఆగినవాడికి సూత్రం వచ్చు, దాని తర్వాతి మెట్టు రాదు. అలాంటి వాడికి చేసిన లెక్కే ఇచ్చి, ఒక మెట్టు ఖాళీగా వదిలి పూరించమనండి. మర్నాడు రెండు మెట్లు ఖాళీ వదలండి. చివరిదాకా వెళ్లి తప్పేవాళ్లను చూస్తే చాలామందికి అడ్డం పదో తరగతి లెక్క కాదు: మైనస్ గుర్తులు, భిన్నాల కూడిక, సమానం గుర్తు దాటించేటప్పుడు గుర్తు మార్చడం. అంటే ఆరేడు తరగతుల బాకీ. దానికి రోజూ మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు, ఐదు చిన్న లెక్కలు చాలు.

స్లిప్ టెస్టులు పెట్టినా మార్కులు ఎందుకు కదలవంటే, పొద్దున చెప్పింది సాయంత్రం అడుగుతాం. అప్పటికి ఎవరికైనా గుర్తుంటుంది. పది మార్కుల టెస్టులో ఇవాళ్టి పాఠం నుంచి 4, మూడు రోజుల కిందటి దాని నుంచి 3, పదిహేను రోజుల కిందటి దాని నుంచి 3 పెట్టండి. 20 నిమిషాలు ఇచ్చి, అదే రోజు దిద్ది ఇచ్చేయాలి. వారం తర్వాత చేతికొచ్చే పేపర్‌ను పిల్లలు మార్కు చూసి మడిచి పెట్టేస్తారు.

ఇక 35 సంగతి. పేపర్‌లో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. వెనకబడిన పిల్లవాడికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి: ఒక మార్కువి 8 సరిగ్గా రాస్తే 8, రెండు మార్కులవి నాలుగు రాస్తే 8, నాలుగు మార్కులవి రెండు రాస్తే 8, ఎనిమిది మార్కులది ఒకటి పూర్తిగా, ఇంకోటి సగం రాస్తే 12. మొత్తం 36. "వందకు ముప్పై అయిదు" అంటే బెదిరిపోయేవాడు ఈ లెక్క చూశాక కుదురుగా కూర్చుంటాడు. అన్నిచోట్లా అనుకున్నట్టు రావు కాబట్టి సాధన 45కి చేయించండి.

దానికి ఎక్కువ అక్కరకొచ్చేవి సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, నిరూపక జ్యామితి, శ్రేఢులు, రేఖీయ సమీకరణాల జత. మధ్యగతంలో అందరూ జారేది ఒక్క చోటే: సూత్రంలో వేయాల్సిన సంచిత పౌనఃపున్యం మధ్యగత తరగతిది కాదు, దానికి ముందు తరగతిది. పట్టిక గీయగానే ఆ గడికి పెన్సిల్‌తో సున్నా చుట్టమనండి. బాహుళకంలో ముందు తరగతి పౌనఃపున్యం, తర్వాతి తరగతి పౌనఃపున్యం తారుమారు చేస్తారు. అక్కడా ఇదే మందు, సూత్రం రాయకముందే పట్టిక పక్కన పేర్లు పెట్టించాలి. గ్రాఫ్‌లో మార్కులు పోయేది గీత దగ్గర కాదు. స్కేలు రాయరు, అక్షాలకు పేర్లు పెట్టరు, రెండు బిందువులతో సరిపెడతారు (మూడోది ఉంటే తప్పు వెంటనే తెలిసిపోతుంది), అన్నీ అయ్యాక ఖండన బిందువును జవాబుగా రాయడం మరిచిపోతారు.

ఇంకో మాట. ఇంట్లో అక్కదో అన్నదో పాత గైడు ఉంటే పిల్లలు అదే పట్టుకుని చదువుతుంటారు. సమితులు, సంవర్గమానాలు, నిర్మాణాలు, ఓజివ్ వక్రాలు ఇప్పటి పుస్తకంలో లేవు. ఒకసారి అందరి సంచులూ చూడండి.

జవాబు: పీఎస్_మేడం

పై సార్ చెప్పిన చార్టు ఫిజికల్ సైన్స్‌కీ పనికొస్తుంది. కాకపోతే మా పేపర్‌లో పిల్లలను దెబ్బతీసేది టైము. 50 మార్కులకు 17 ప్రశ్నలు, రెండు గంటలు. ఎనిమిది మార్కుల ప్రశ్నలు మూడే, కానీ ఆ మూడిటికే 24 మార్కులు. బాగా వచ్చిన ప్రశ్న దొరికితే ముప్పావు గంట దానిమీదే పెట్టి, చివర్లో బిట్లు గుడ్డిగా రాసేస్తారు. గోడ మీద రాసిపెట్టండి: ఎనిమిది మార్కులది ఒక్కోటి 20 నిమిషాలు, నాలుగు మార్కులది 10 నిమిషాలు, రెండు మార్కులవీ బిట్లూ కలిపి 20, మిగిలిన 10 సరిచూసుకోవడానికి. ప్రీ-ఫైనల్ దాకా ఆగకండి. ఫిబ్రవరిలో వారానికి ఒక ఎనిమిది మార్కుల ప్రశ్న గడియారం పెట్టి రాయించండి.

కిరణ చిత్రాలకు స్కేలు, పెన్సిలు తప్పనిసరి. బాణం గుర్తు లేని కిరణానికి మార్కు పోతుంది. ఓమ్ నియమం వలయంలో అమ్మీటరు శ్రేణిలో, వోల్ట్‌మీటరు సమాంతరంగా ఉండాలని నోటితో అందరూ చెప్తారు, బొమ్మ గీసేటప్పుడు సగం మంది తిరగేస్తారు. అందుకే చెప్పించడం మాని గీయించండి. రసాయన సమీకరణాలు రోజుకు రెండు తుల్యం చేయిస్తే పరీక్షల నాటికి భయం పోతుంది.

ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో జవాబు తెలిసీ రాయలేనివాళ్లు ఎక్కువ. పుస్తకం ద్విభాషాది కాబట్టి ముందు తెలుగు పేజీ చదివించి, అర్థం అయ్యాక ఎదుటి ఇంగ్లిష్ పేజీలో అయిదారు కీలక పదాల కింద గీత గీయించండి. ఆ పదాలతో చిన్న చిన్న వాక్యాలు రాస్తే చాలు. పేరాలు బట్టీ పట్టించకండి. మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతారు.

జవాబు: బిట్‌బ్యాంక్

ఇంత తతంగం దేనికండీ? ఇంపార్టెంట్ ప్రశ్నలు యాభై ఏరి ఇచ్చి, ఒక్కోటి పదిసార్లు రాయిస్తే పాసైపోతారు. ఎప్పటినుంచో జరుగుతున్నదే కదా.

జవాబు: లెక్కల_టీచర్

అలా జరిగేది ప్రశ్నల్లో ఛాయిస్ ఎక్కువున్న రోజుల్లో అండి. ఇప్పుడు ఛాయిస్ ఎనిమిది మార్కుల దగ్గరే. మిగతా 28 ప్రశ్నలకు, అంటే 60 మార్కులకు, ఏరుకునే వీలు లేదు. లెక్కలో అంకెలు మారిస్తే బట్టీ పట్టినవాడికి చేయి ఆడదు. పదిసార్లు రాయిస్తే ఏమవుతుందో నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది, నాలుగోసారి నుంచి పైదాన్ని చూసి కాపీ కొడతారు. తప్పుతో సహా. పదిసార్లు కాకుండా, చూడకుండా మూడుసార్లు, రోజు విడిచి రోజు రాయించండి.

పడమటి_మాస్టారు

చార్టు రేపే మొదలుపెడతాం. సుగ్గికి పోయిన పిల్లల సంగతి ఎవరైనా చెప్తారా? ఫోన్ చేస్తే "పరీక్షలకు పంపిస్తాం సార్" అంటారు.

జవాబు: హెచ్ఎం_విశ్రాంత

"పరీక్షలకు పంపిస్తాం" అంటే పరీక్ష ముందురోజు బస్సెక్కిస్తాం అని. అది చాలదు, వాళ్లకు ప్రీ-ఫైనల్ మొదటి రోజును గడువుగా చెప్పండి.

పిల్లవాణ్ని ఎందుకు తీసుకెళ్లారో ముందు తెలుసుకోండి, కారణాన్ని బట్టి పని. చాలాచోట్ల మిరప కోతకు కూలి కిలో లెక్కన ఇస్తారు, కాబట్టి ఇంకో రెండు చేతులుంటే ఇంకో బస్తా. అది ఒక కారణం. రెండోది, చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఆడపిల్లను తీసుకెళ్లడం. మూడోది, ఊళ్లో వండిపెట్టే దిక్కు లేకపోవడం. మూడోదానికి దారి తేలిక: అవ్వాతాతల ఇల్లు, లేదా సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టల్. మీ మండలంలో తెరిచారో లేదో, ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి దగ్గర కనుక్కుని, ఆ వివరంతోనే ఫోన్ చేయండి. "పంపండి" అనడం కంటే "ఫలానా చోట సీటు ఉంది, సోమవారం దించండి" అంటే పని జరుగుతుంది. రెండో కారణమైతే చంటిబిడ్డను చూసే మనిషి దొరికేదాకా ఆ పిల్ల రాదు. అవ్వను అక్కడికి పిలిపించుకోమని చెప్పడం తప్ప మనం చేయగలిగింది తక్కువ. మొదటి కారణం గట్టిది. అక్కడ తండ్రితో కాదు, గుంపును తీసుకెళ్లిన మేస్త్రీతో మాట్లాడండి. వాళ్లు పనిచేసే ఊరు, తిరుగు ప్రయాణం తేదీ అతనికే తెలుస్తాయి, అతను చెప్తే తండ్రి వింటాడు.

ఫోన్ పొద్దున చేస్తే ఎవరూ ఎత్తరు, చేలో ఉంటారు. రాత్రి ఏడున్నర తర్వాత చేయండి. పిల్లవాడితోనే మాట్లాడి రోజుకు ఒక్కటే పని ఇవ్వండి: నాలుగు లెక్కలు, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి. ఎక్కువిస్తే మూడో రోజుకు మానేస్తాడు. వెళ్లేటప్పుడు పుస్తకాల సంచి ఇంట్లో వదిలేసి పోతారు, కనీసం లెక్కల పుస్తకమైనా వెనక వెళ్లేవాళ్ల చేత పంపండి.

అక్కడి బడిలో చేర్పిస్తామని కొందరు అంటారు. తొమ్మిది దాకా అది మంచిదే. పదికి కుదరదు, నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా), ఫీజు మీ బడి నుంచే వెళ్లాయి, హాల్ టికెట్ వచ్చేది మీ బడి పేరు మీదే. ఈ మాట తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పండి, చాలామందికి తెలియదు.

పది గంటల కూర్చోబెట్టుడు మీద నాదీ లెక్కల సార్ మాటే. సాయంత్రం అయిదు తర్వాత స్టడీ అవర్ పెట్టాలంటే గుగ్గిళ్లో, పల్లీ చిక్కీయో చేతిలో పెట్టి పెట్టండి. మధ్యాహ్నం తిన్న అన్నంతో ఆరు దాకా చదవమంటే చదవరు, కూర్చుంటారంతే. దూరపు పల్లెల ఆడపిల్లలను చీకటి పడకముందే పంపేయాలి. ఇంటికి ఆలస్యంగా వెళ్తోందని బడి మాన్పించే ఇళ్లున్నాయి.

జవాబు: ఖమ్మం_సార్

తెలంగాణ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మన పేపర్ వేరు. రాత పరీక్ష 80కి, పాస్ 28. పై 36 మార్కుల లెక్కను యథాతథంగా వాడొద్దు, పార్ట్-ఎ, పార్ట్-బి (బిట్ పేపర్) విడగొట్టి వేసుకోండి. పార్ట్-బి చివరి అరగంటలో రాయాలి కాబట్టి దాన్ని విడిగా గడియారం పెట్టి సాధన చేయించాలి.

అందరూ మరిచిపోతున్నది తొమ్మిదో తరగతిని. జనవరి నుంచి మంచి టీచర్ల పీరియడ్లన్నీ పదికి పోతాయి, మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు, ఆపైన ఇన్విజిలేషన్, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్. తొమ్మిదికి మిగిలేది నోట్సు రాసుకోవడమే. వచ్చే ఏడు మీ చార్టులో "ముట్టుకోలేదు" అనే గడులు అక్కడ పుడుతున్నాయి. రోజుకు రెండు పీరియడ్లు, లెక్కలు ఒకటి, ఇంగ్లిష్ ఒకటి, ఏమైనా సరే తొమ్మిది నుంచి తీయకూడదని టైంటేబుల్ మీద ఎర్ర సిరాతో రాసి హెచ్ఎం గారి సంతకం పెట్టించుకోండి.