సునామీ సాయం బిల్లులో డ్రైవింగ్ లైసెన్స్ సంగతి ఎందుకుంది?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. వీసా గడువు ఎంతవరకో డ్రైవింగ్ లైసెన్సూ అంతవరకేనంట. వీసా పొడిగింపు కాగితం రాకముందే లైసెన్స్ అయిపోయింది. ఇప్పుడు ఆఫీసుకు పోవాలంటే పక్కింటివాళ్లను బతిమాలుకోవాల్సి వస్తోంది. ఈ రూలు ఎక్కడిదని వెతికితే 2005 నాటి రియల్ ఐడీ చట్టం అని తేలింది. తీరా చూస్తే అదేమో ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల ఖర్చుకూ, సునామీ బాధితులకూ డబ్బు మంజూరు చేసిన బిల్లులో ఒక భాగం! సునామీకీ లైసెన్సుకూ ఏం సంబంధం సామీ?

బురుజు నీడ (కర్నూలు):
సంబంధం ఏమీ లేదు. ఇట్లా తగిలించేదాన్ని అమెరికావాళ్లు రైడర్ అంటారు.

నేను మున్సిపాలిటీలో కౌన్సిల్ సెక్షన్ చూసి రిటైరయిన మనిషిని. మా దగ్గర దీని పేరు టేబుల్ అజెండా. ముందుగా పంపిన అజెండాలో లేని అంశం మీటింగు రోజు జిరాక్సు వేడి ఆరకముందే, మిక్చర్ ప్లేట్లతో పాటు బల్ల మీదకొస్తుంది. పైన పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, కింద ఎవరిదో షాపు గది లీజు పొడిగింపు. జీతాలు వద్దని చెయ్యెత్తే మొనగాడెవడు?

అక్కడ జరిగిందీ అదే. రియల్ ఐడీని ప్రతినిధుల సభ (అక్కడి దిగువ సభ) 2005 ఫిబ్రవరిలో విడి బిల్లుగానే పాస్ చేసింది. తర్వాత తీసుకెళ్లి సైన్యం డబ్బుల బిల్లుకు కట్టింది. ఎగువ సభ సెనేట్ తన వంతు పాస్ చేసిన బిల్లులో ఇది లేదు. రెండు సభలవాళ్లూ కూర్చుని ఒప్పందానికొచ్చిన తుది ప్రతిలో మాత్రం ఉంది. ఆ ప్రతిలో అక్షరం మార్చడానికి వీల్లేదు. ఔననాలి, లేదా కాదనాలి. మే నెలలో సెనేట్‌లో ఓటు పెడితే 100–0. లైసెన్స్ నిబంధనలు గిట్టనివాళ్లు కూడా ఔననే అన్నారు. యుద్ధంలో సైనికులున్నారు మరి!

ప్రతినిధుల సభలో సవరణకూ బిల్లుకూ సంబంధం ఉండాలని నియమముంది. కావాలనుకుంటే దాన్ని ఆ పూటకు పక్కన పెట్టుకునే అధికారమూ వాళ్లదే. సెనేట్‌లోనైతే మామూలు బిల్లులకు ఆ నియమమే లేదు.

లేపాక్షి బసవన్న (అనంతపురం):
పెద్దాయనా, వీసా పొడిగింపుకు పెట్టిన దరఖాస్తు రసీదు చూపిస్తే తాత్కాలికంగా ఏమైనా ఇస్తారేమో ఒకసారి లైసెన్స్ ఆఫీసులో అడగమనండి.

మా ఐటీవాళ్లకు ఇది బాగా అలవాటైన దెబ్బే. 2010లో మెక్సికో సరిహద్దు కాపలాకు 60 కోట్ల డాలర్లు ఇస్తూ బిల్లు తెచ్చారు. దాని ఖర్చుకని, 50 మంది లేక అంతకుమించి ఉద్యోగులుండి సగానికి పైగా హెచ్‌1బీ, ఎల్1 ఉద్యోగ వీసాల వాళ్లే ఉన్న కంపెనీల మీద ఒక్కో హెచ్‌1బీ దరఖాస్తుకు అదనంగా 2,000 డాలర్లు వేశారు. 2015 డిసెంబరులో ప్రభుత్వ ఖర్చుల భారీ బిల్లులో దాన్ని 4,000 చేశారు. వీసాల మీద విడిగా బిల్లు పెడితే మాత్రం ఏళ్లు గడిచినా తెమలదు.

సార్, అధ్యక్షుడు ఆ ఒక్క ముక్క కొట్టేసి మిగతాదానికి సంతకం పెట్టకూడదా?

బురుజు నీడ (కర్నూలు):
కుదరదు నాయనా. 1996లో ఖర్చుల పద్దులను అట్లా విడిగా కొట్టేసే అధికారం ఇస్తూ చట్టం చేశారు, క్లింటన్ వాడుకున్నాడు కూడా. న్యూయార్క్ నగరంతో పాటు ఐడహో బంగాళాదుంప రైతుల సహకార సంఘం కోర్టుకెక్కింది. 1998లో సుప్రీంకోర్టు 6–3తో కొట్టేసింది. విచిత్రమేమంటే అక్కడ చాలా రాష్ట్రాల గవర్నర్లకు ఆ అధికారం ఉంది.

ఇంకో సంగతి. ఇదంతా చాటుగా జరుగుతుందని అనుకోవద్దు. 2009లో క్రెడిట్ కార్డు కంపెనీల ఆగడాలు అరికట్టే బిల్లుకు, జాతీయ పార్కుల్లోకి తుపాకీ తీసుకెళ్లొచ్చనే సవరణను సెనేటర్ టామ్ కోబర్న్ అందరి ముందే తగిలించాడు. ప్రతినిధుల సభ ఆ బిల్లును రెండు ముక్కలు చేసి ఓటు పెట్టింది. తుపాకులకు 279–147, కార్డులకు 361–64. రెండూ నెగ్గి మళ్లీ ఒకే బిల్లయి ఒబామా బల్ల మీదకు పోయాయి. తుపాకులు నచ్చని సభ్యుడు ఊరికెళ్లి 'నేను దానికి ఓటెయ్యలేదు' అని చెప్పుకోవచ్చు. ఫలితం మాత్రం మారలేదు. నన్నడిగితే తగిలించినవాడి కంటే ఈ ఏర్పాటు చేసినవాళ్లే గడుసువాళ్లు.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
రసీదు సంగతి అమ్మాయికి చెప్తాను. మన పార్లమెంటులో ఇట్లాంటివి నడవవా అన్నా?

బురుజు నీడ (కర్నూలు):
సవరణ బిల్లు పరిధి దాటకూడదని లోక్‌సభ నియమాల్లో ఉంది. కానీ ఫైనాన్స్ బిల్లు ఉంది కదా! ఎలక్టోరల్ బాండ్లకు దారి వేసింది 2017 ఫైనాన్స్ చట్టమే. రాజ్యసభ సలహాకే పరిమితమయ్యే ద్రవ్య బిల్లుగా తెచ్చారు కాబట్టి, రాజ్యసభ సవరణలు చేసి పంపినా లోక్‌సభ తోసిపుచ్చింది. ఆ బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 ఫిబ్రవరిలో.