మూత్రసంచి క్యాన్సర్: ఆపరేషన్‌కి ముందు కీమో ఇవ్వాలా, వద్దా?

ఆటోనగర్ కుర్రాడు:
మా నాన్నకి 64. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి స్ప్రే పెయింటింగ్ చేస్తాడు, జీవితమంతా అదే పని. సిగరెట్ కూడా ఉంది. మూత్రంలో రక్తం పడితే నొప్పి లేదు కదా, వేడి చేసి ఉంటుందని బార్లీ నీళ్ళు తాగాడు. తగ్గి మళ్ళీ పడింది. చివరికి లోపలి గడ్డ గీకి బయాప్సీకి పంపితే క్యాన్సర్ కండరంలోకి దిగిందని వచ్చింది. ముందు జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు నాలుగు విడతలు ఇచ్చి, ఆ తర్వాత సంచి తీసేద్దామని డాక్టరు గారు అంటున్నారు. పెదనాన్నేమో "గడ్డని లోపల పెట్టుకుని మందులేంట్రా, ముందు కోయించేయండి" అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్.

మిర్చి యార్డ్:
ఇంకో డాక్టర్‌కి కూడా చూపించు తమ్ముడూ.

బ్రాడీపేట మాష్టారు:
మీ పెదనాన్న గారి మాట వినండి. ఈ క్యాన్సర్ మీద చాలా పరిశోధన ఎలుకల మీదే జరిగింది. పంచదార బదులు వాడే సాకరిన్ సంగతి గుర్తుందా? ఎలుకలకి పెడితే మూత్రసంచిలో గడ్డలొచ్చాయని 1977లో కెనడా నిషేధించింది, అమెరికాలో ప్యాకెట్ల మీద హెచ్చరిక వేయించారు. మగ ఎలుకల మూత్రంలో జరిగేది మనిషి మూత్రంలో జరగదని తేలాక 2000లో ఆ హెచ్చరిక తీసేశారు. ఇరవై ఏళ్ళకి పైగా జనాన్ని భయపెట్టారు. అలాంటి లెక్కలు నమ్మి 64 ఏళ్ళ మనిషికి విషం ఎక్కిస్తారా?

కొత్తపేట ల్యాబ్:
మాష్టారూ, సాకరిన్‌కీ ఈ కీమోకీ ఏం సంబంధం? జంతువుల మీద ప్రయోగాలు లేకపోతే ఆ కుర్రాడి నాన్నకి ఈ జబ్బు ఎందుకొచ్చి ఉంటుందో కూడా మనకి తెలిసేది కాదు. రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో ఈ గడ్డలు కనిపిస్తున్నాయని 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ చెప్పాడు. ఏ రసాయనం వల్లో నిరూపించడానికి నలభై ఏళ్ళు దాటింది. 1938లో హ్యూపర్ అనే శాస్త్రవేత్త, రంగుల తయారీలో వాడిన బీటా నాఫ్తిలమిన్‌ని కుక్కలకి ఇచ్చి చూపించాడు. ఆ జాతి రసాయనాలే సిగరెట్ పొగలోనూ ఉన్నాయి. అవి లివర్‌లో మారి, కిడ్నీల గుండా మూత్రంలోకి దిగి, గంటల తరబడి సంచి లోపలి పొరని తాకుతూ ఉంటాయి. పెయింటర్ పనిని కూడా క్యాన్సర్ తెచ్చే వృత్తిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన ఐఏఆర్‌సీ ప్రకటించింది.

ఇక ముందు కీమో మేలని తేలింది మనుషుల్లోనే. 2003లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 317 మంది ఉన్నారు. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటిన కాలం, 46 నెలలు. ముందు కీమో ఇచ్చినవాళ్ళది 77. నేను బయాప్సీలు చూసే మనిషిని. కీమో తర్వాత తీసిన సంచి మా టేబుల్ మీదకి వచ్చినప్పుడు, గడ్డ ఉన్న చోట తెల్లగా గట్టిపడిన మచ్చ మాత్రమే ఉండి, ఆ మచ్చ మొత్తం ముక్కలు చేసి స్లైడ్లు వేసినా ఒక్క క్యాన్సర్ కణం దొరకని కేసులు చూశాను. ఆ ట్రయల్‌లో కీమో తీసుకున్నవాళ్ళలో 38 శాతం మందికి అలా జరిగింది. కీమో లేనివాళ్ళలో అది 15 శాతం.

బ్రాడీపేట మాష్టారు:
ఆ పేపర్ నేనూ చదివానమ్మా. ఆయుష్షు తేడాకి పీ విలువ, అంటే మందు వల్ల ఏ తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం, 0.06. గీత 0.05 దగ్గర గీసుకున్నది మీరే కదా. గీత దాటని దాన్ని రుజువు అంటారా?

కొత్తపేట ల్యాబ్:
అందుకే ఒక్క ట్రయల్‌తో ఆగలేదు. 2005లో 11 ట్రయల్స్, 3005 మంది వివరాలు కలిపి చూశారు. సిస్‌ప్లాటిన్ కలిసిన మందులు ముందే ఇస్తే, ఐదేళ్ళు బతికినవాళ్ళు 45 శాతం నుంచి 50 శాతానికి పెరిగారు. ఇది కాకతాళీయం కాదు.

బ్రాడీపేట మాష్టారు:
నూటికి ఐదుగురి కోసం మిగతా 95 మంది వాంతులు చేసుకోవాలి. ముందు ఆ 0.06కి జవాబు చెప్పండి.

కృష్ణలంక:
సంచి తీయకుండా రేడియేషన్, కీమో కలిపి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. 2012లో బ్రిటన్ వాళ్ళ ట్రయల్ వచ్చింది. కొందరికి అది కుదురుతుంది, అడిగి చూడండి.

కొత్తపేట ల్యాబ్:
మాష్టారూ, 0.06 పట్టుకుని వేలాడుతున్నారు. మీ పంతం కోసం ఒక ఇంటివాళ్ళని తప్పుదోవ పట్టించకండి.

బ్రాడీపేట మాష్టారు:
పంతమా? మా తమ్ముడికి ఇదే జబ్బు, ఇవే రెండు మందులు. గుంటూరులోనే ఒక పెద్ద ఆస్పత్రిలో ఎక్కించారు. కిడ్నీలు పోయాయి. ఆపరేషన్ దాకా వెళ్ళనేలేదు, మనిషే పోయాడు. వాడికి ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు, ఇన్ఫెక్షన్ అన్నారు. చెవుల్లో గుయ్యిమంటోందని, అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని నాతో అన్నాడు, డాక్టర్‌తో అనలేదు. అది మందు వల్లేనని తెలిస్తే కదా చెప్పడానికి! కాగితాల మీద సంతకాలన్నీ కొడుకులే పెట్టారు. ఐదు శాతం లాభమని వాడితో ఎవరైనా అన్నారా? వద్దనే హక్కు వాడికి లేదా?

కొత్తపేట ల్యాబ్:
ఎంత బాధ మాష్టారూ. మీరు చెప్పిన చెవుల హోరు, తిమ్మిర్లు సిస్‌ప్లాటిన్ వల్ల వచ్చేవే. వాటిని చెప్పగలిగింది పేషెంటు ఒక్కడే. అతని దగ్గర జబ్బు దాచిపెట్టి ఈ మందు ఇవ్వకూడదని నేనూ అంటాను.

మిర్చి యార్డ్:
నేను ఒప్పుకోను. మా అమ్మకి చెప్పాక అన్నం మానేసింది. జబ్బు కన్నా ఆ మాటే ముందు మనిషిని తీసేసింది. అందరి గుండె ఒకలా ఉండదు.

ఆటోనగర్ కుర్రాడు:
మేమూ నాన్నకి చెప్పలేదు. గడ్డ అని మాత్రమే చెప్పాం. సంతకం నేనే పెట్టాను.

కొత్తపేట ల్యాబ్:
సంచి తీశాక చాలామందికి పొట్ట పక్కన రంధ్రం పెట్టి, దానికి బయట ఇంకో సంచి తగిలిస్తారు. రోజూ దాన్ని ఖాళీ చేసుకోవాల్సింది ఆయనే. ఎన్నాళ్ళని దాస్తారు? అదలా ఉంచండి. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ ఎంత, బరువెంత?

ఆటోనగర్ కుర్రాడు:
1.3. బరువు 58 కేజీలు. కొంచెమే ఎక్కువ, ఫర్వాలేదన్నారు ల్యాబ్‌లో.

కొత్తపేట ల్యాబ్:
ఆ ఒక్క అంకె చూసి ఫర్వాలేదు అనుకోకూడదు. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, 72 రెట్లు క్రియాటినిన్‌తో భాగిస్తే, కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం నిమిషానికి 47 మిల్లీలీటర్లు వస్తోంది. సిస్‌ప్లాటిన్‌కి మామూలుగా 60 ఉండాలంటారు. గడ్డ అడ్డుపడి కిడ్నీ వాచిందేమో స్కాన్‌లో చూడమనండి. అదే కారణమైతే ట్యూబ్ వేసి దారి తెరిస్తే కొందరికి మెరుగవుతుంది. మెరుగవకపోతే, సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ అనే మందుకి మారుద్దామంటే సరేననేయకండి, ఆపరేషన్‌కి ముందు దానికి అంత రుజువు లేదు. అప్పుడు దానికన్నా నేరుగా ఆపరేషనే మేలు, అదీ ఆలస్యం చేయకుండా.

బ్రాడీపేట మాష్టారు:
మా తమ్ముడిది 1.4. వాడూ బక్కపలచని మనిషే. ఈ లెక్క మాకు ఎవరూ వేసి చూపించలేదు. బాబూ, ఆ లెక్క కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టండి. మీ నాన్న గారిని కూడా పక్కన కూర్చోబెట్టండి.

ఆటోనగర్ కుర్రాడు:
సోమవారం వెళ్తున్నాం మాష్టారూ. పెదనాన్న కూడా వస్తానన్నాడు. నాన్నకి చెప్పడానికి ఆయన ఒప్పుకోడు, గొడవ తప్పదు. అయినా నాన్నని లోపలికి తీసుకెళ్తాను.

మిర్చి యార్డ్:
కిడ్నీ లెక్క అడగడం మంచిదే తమ్ముడూ. కానీ క్యాన్సర్ అన్న మాట డాక్టరు నోటి నుంచి ఒక్కసారిగా వినిపించకండి. చెప్పక తప్పదంటే ఇంట్లోనే ముందు నువ్వు చెప్పు.