డెబ్బై దాటినవాళ్ళకి పీఎస్‌ఏ: టెస్టులు పెరిగితే ఆపరేషన్లు ఎందుకు పెరుగుతాయి?

గోదారిగట్టు: మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) అడక్కుండానే కలిపేస్తున్నారు. 74 ఏళ్ళ మనిషికి ఏ ఇబ్బందీ లేకుండానే అది ఎక్కువగా, 6.2 వచ్చిందనుకోండి. అక్కణ్ణుంచి ఆపరేషన్ దాకా పోకుండా మధ్యలో ఎక్కడ ఆగొచ్చు?

లెక్కలపుస్తకం: ముందు అమెరికాలోని సియాటిల్, కనెక్టికట్ లెక్క చూడండి. రెండుచోట్లా మెడికేర్ (ముసలివాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న 65–79 ఏళ్ళ మగవాళ్ళే. 1987–90లో కనెక్టికట్ కన్నా సియాటిల్‌లో పీఎస్‌ఏ టెస్టులు 5 రెట్లకు పైగా, బయాప్సీలు (సూదితో ముక్క తీసి చూడటం) 2 రెట్లకు పైగా జరిగాయి. 1996 నాటికి అక్కడ 2.7 శాతం మందికి ప్రోస్టేట్ మొత్తం తీసేశారు. కనెక్టికట్‌లో 0.5 శాతమే. 11 ఏళ్ళు చూసినా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళ రేటు దాదాపు ఒకటే. ముసలితనంలో చాలామందికి ప్రోస్టేట్‌లో చిన్న క్యాన్సర్ ముక్క ఉంటుంది, ఏమీ చెయ్యదు. సూది పెట్టినకొద్దీ అది దొరుకుతుంది. దొరికాక ‘తీసేయండి’ అననివాళ్ళు తక్కువ.

శాంపిల్‌ట్యూబ్: 6.2 చూడగానే బయాప్సీ వద్దు, మళ్ళీ టెస్ట్ చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్య క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసినా అంకె పెరుగుతుంది, తగ్గాక 6–8 వారాలు ఆగాలి. టెస్టుకి ముందు రెండు రోజులు సైకిల్, సంభోగం మానాలి. ఇక అందరూ మర్చిపోయేది: ప్రోస్టేట్ వాపుకి ఇచ్చే ఫినాస్టరైడ్, డుటాస్టరైడ్ మందులు ఆరేడు నెలలకు పైగా వాడుతుంటే అంకె సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 ఉంటే 6 అనుకోవాలి.

వార్డ్‌రౌండ్: రెండోసారీ ఎక్కువే వస్తే ఎమ్మారై, ఆ తర్వాతే సూది. పీఎస్‌ఏని గ్రంథి సైజుతో భాగించండి. 60 మి.లీ. గ్రంథికి 6.2 అంటే 0.10, గ్రంథి పెద్దది కాబట్టి అంకె పెద్దది. అదే 30 మి.లీ. అయితే 0.2, అప్పుడు ఆలోచించాలి. ఎమ్మారైలో పైరాడ్స్ (క్యాన్సర్ అనుమానానికి 1 నుంచి 5 దాకా ఇచ్చే మార్కు) 1 లేదా 2 వచ్చి, ఈ భాగించిన అంకె 0.15 లోపుంటే బయాప్సీ సాధారణంగా వాయిదా వేయొచ్చు. చేసినా గ్లీసన్ (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే మార్కు) 3+3 వస్తే, అంటే నెమ్మదిరకమైతే కత్తి అక్కర్లేదు, ఆరునెలలకోసారి పీఎస్‌ఏ చూస్తూ కనిపెట్టుకుని ఉండటమే.

గోదారిగట్టు: మావైపు ప్రోస్టేట్ ఆపరేషన్ అయిందంటే రెండో వారానికి తిరుగుతుంటారే?

వార్డ్‌రౌండ్: అది టీయూఆర్‌పీ అండీ. మూత్రం దారి కోసం లోపల గీకుతారు, గ్రంథి మిగిలే ఉంటుంది. మొత్తం తీసేది వేరు, కష్టాలూ వేరు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే ట్రయల్‌లో మొత్తం తీయించుకున్నవాళ్ళలో మూత్రం కారడం వల్ల ఆరు నెలలకి 46 శాతం, ఆరేళ్ళకి 17 శాతం ప్యాడ్లు వాడుతున్నారు. వాళ్ళంతా 50–69 వయసులో చేరినవాళ్ళు. 74లో అంతకన్నా మెరుగ్గా ఉంటుందని ఆశించకండి.

ఎముకలనొప్పి: అలాగని పీఎస్‌ఏ దండగ అనకండి. యూరప్ ట్రయల్‌లో 55–69 వాళ్ళని 23 ఏళ్ళు చూస్తే, 456 మందిని పీఎస్‌ఏ టెస్టుకి పిలిస్తే ఈ క్యాన్సర్‌తో ఒక చావు తప్పింది. ఏ టెస్టులు ఎవరికి అవసరమో చెప్పే అమెరికా నిపుణుల టాస్క్‌ఫోర్స్ 2012లో అందరికీ వద్దంది, 2018లో 55–69 వాళ్ళు డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవచ్చని మార్చింది. 70 దాటితే మాత్రం వద్దనే ఉంచింది. మన దగ్గర ముదిరాక వచ్చేవాళ్ళే ఎక్కువ, ఆ బాధ వేరు.

లెక్కలపుస్తకం: ఒప్పుకుంటా. టెస్టు వల్ల లాభం కనబడటానికి పదేళ్ళు పైనే పడుతుంది, కాబట్టి గుండె, కిడ్నీ ఎలా ఉన్నాయో ముందు చూడాలి.

వార్డ్‌రౌండ్: పైదంతా ఏ లక్షణమూ లేనివాళ్ళకే. డాక్టర్ మలద్వారంలోంచి వేలితో చూస్తే గట్టి గడ్డ తగిలినా, మూత్రంలో రక్తం పడినా, నడుము ఎముక విడవకుండా నొప్పి పెట్టినా వయసు చూసి ఆగకండి, ఆ వారంలోనే యూరాలజిస్టుకి చూపించండి.