పాత చైన్ సా పెట్రోల్ ట్యాంక్ కారుతోంది: అతుకు వేయాలా, ట్యాంకే మార్చాలా?

ఉద్దానం రైతు
2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు మా వైపు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు కొన్న చైన్ సా ఇది. ఇంజిన్ ఇప్పటికీ బాగుంది. కానీ రాత్రి పెట్రోల్ నింపి పెడితే తెల్లారేసరికి కింద తడి, షెడ్డంతా వాసన. మా ఊరి మెకానిక్ ఎం-సీల్ (ముద్దలా కలిపి పూస్తే గట్టిపడే జిగురు) పెడితే సరిపోతుందంటాడు. షాపులో అడిగితే ట్యాంక్, వెనక హ్యాండిల్ ఒకే ముక్కట, మొత్తం మార్చాలట. ధర వింటే మనసొప్పడం లేదు. పాత మిషన్‌కి అంత పెట్టాలా?

టూ స్ట్రోక్ మెకానిక్
అక్కర్లేదండీ. ట్యాంక్ ఖాళీ చేసి, ఆరబెట్టి, పగులు చుట్టూ ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి, థిన్నర్‌తో తుడిచి ఎం-సీల్ పెట్టండి. ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. నేను అలా చేసిచ్చిన మిషన్లు ఇంకా పనిలో ఉన్నాయి. కంపెనీ పార్ట్ వచ్చేదాకా కూర్చుంటే రైతు పని ఆగిపోతుంది.

సరుగుడు తోట
అంతదాకా ఎందుకు? కారే చోట బట్టల సబ్బు గట్టిగా రుద్దండి, ఆగుతుంది. బైక్ ట్యాంకులకు మేమంతా చేసేదే.

కలప డిపో
సబ్బు ఇంటికి చేరేవరకే. పెట్రోల్‌కి సబ్బు కరగదు కాబట్టి కాసేపు ఆపుతుంది. చైన్ సా అదురుకి అది ఎంతసేపు నిలుస్తుంది?

రైతు గారూ, ముందు ఒక్క మాట. కారేది ట్యాంకేనని ఎవరు తేల్చారు? పాత మిషన్లలో ట్యాంక్ పగలడం కంటే దాని చుట్టూ ఉన్న రబ్బరు పోవడమే ఎక్కువ. మూతలోని ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు, గట్టిపడుతుంది. పైపు ట్యాంక్‌లోకి దిగేచోట రబ్బరు బుష్ వదులవుతుంది. గాలిని లోపలికి పోనిచ్చి పెట్రోల్‌ను బయటికి రానివ్వని చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది, వెంట్ అంటారు. అది చెడితే మిషన్‌ను పక్కకు పడుకోబెట్టగానే కారుతుంది. ఇంకొకటి చాలామంది చూడరు: ఎండకి ట్యాంక్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు, కార్బొరేటర్‌లో పెట్రోల్ దారి మూసే నీడిల్ సరిగా మూసుకోకపోతే పెట్రోల్ అటునుంచి ఎయిర్ ఫిల్టర్ వైపు వచ్చి కిందికి జారుతుంది. చూసేవాళ్లకి అదీ ట్యాంక్ లీకే. వీటిలో ఏదైనా అయితే చిన్న రబ్బరు ముక్కతో పోయేది. దానికి ఎం-సీల్ పూస్తే రేపు ఆ బుష్ ఊడదీయడం కూడా కష్టమవుతుంది.

తేల్చడం ఇలా: ట్యాంక్ ఖాళీ చేసి బాగా ఆరనివ్వండి. మూత బిగించి, పైపును కార్బొరేటర్ దగ్గర విప్పి, వెంట్ మూసి, ఆ పైపులోంచి చేతి పంపుతో కొద్దిగా గాలి పెట్టండి. గాలి ఒత్తిడి అర బార్ లోపే చాలు. పంక్చర్ షాపు కంప్రెసర్ వద్దు, ట్యాంక్ చీలిపోతుంది. సబ్బు నురగ పూస్తే ఎక్కడ బుడగలొస్తే అక్కడే లీకు.

బుడగలు నిజంగా ట్యాంక్ ముక్కలు కలిసే చోటో, హ్యాండిల్ మొదట్లోనో వస్తే నా మాట సూటిగా చెప్తున్నాను: అతుకు వేయొద్దు, మార్చండి. ఆ ప్లాస్టిక్ చాలా మిషన్లలో గాజు పీచు కలిపిన నైలాన్. జిగురు దాన్ని సరిగా పట్టుకోదు. పైగా మనం పోసేది వట్టి పెట్రోల్ కాదు, లీటరుకి 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ కలిపిన పెట్రోల్. పెట్రోల్ ఆరిపోతుంది, ఆయిల్ పగుల్లోనే ఉండిపోతుంది. పైపైన ఎంత తుడిచినా లోపలి జిడ్డు పోదు. మీ మిషన్‌లో ట్యాంకే హ్యాండిల్ కూడా కాబట్టి, మొద్దులో బ్లేడ్ ఇరుక్కుంటే పట్టి లాగేది దాన్నే. ఆ బరువంతా అతుకు మీదే పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మిషన్ పట్టేది మీరా, కూలికొచ్చే కుర్రాడా? పని మధ్యలో అతుకు ఊడితే పెట్రోల్ పడేది అతని లుంగీ మీద. చెయ్యి దూరంలో కాలిపోతున్న సైలెన్సర్ ఉంటుంది. పెట్రోల్ సున్నాకి 40 డిగ్రీల కింద చలిలోనూ అంటుకునేంత ఆవిరి వదులుతుంది, మన మే నెల ఎండలో చెప్పేదేముంది? ట్యాంక్ డబ్బు మిగిలేది ఓనర్‌కి, ఒళ్లు కాలేది అతనికి. ఈ లెక్క నాకు ఒప్పదు.

టూ స్ట్రోక్ మెకానిక్
రబ్బరు సంగతి ఒప్పుకుంటాను, ముందు అదే చూడాలి. కానీ పార్ట్స్ రావడం ఆగిపోయిన మిషన్లున్నాయి కదా, వాటినేం చేయమంటారు? పాత ఇనుముకి వేయాలా? నైలాన్ కడ్డీతో హీట్ గన్ వెల్డింగ్ చేస్తే ప్లాస్టిక్ ప్లాస్టిక్‌తోనే కలుస్తుంది. జిగురులా ఊడదు.

కలప డిపో
వెల్డింగ్ ఎం-సీల్ కంటే చాలా మేలు. అయితే ఖాళీ ట్యాంక్ నిండు ట్యాంక్ కంటే ప్రమాదం, లోపల ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. సబ్బు నీళ్లతో పలుమార్లు కడిగి, రోజుల తరబడి మూత తీసి ఆరనిచ్చాకే వేడి తగలాలి. ఆ ఓపిక ఉన్న మెకానిక్ చేతికైతే ఇవ్వండి. అప్పుడు కూడా అడుగున చిన్న పగులు వరకే. హ్యాండిల్ మొదట్లో పగిలితే వెల్డింగ్ కూడా వద్దు.

జీడి పిక్క
ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు ఉబ్బి మెత్తబడేది దానివల్లే. కొత్త ట్యాంక్ వేసి పాత పైపే ఉంచితే మళ్లీ కారుతుంది. ఇంకో సంగతి, పని అయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా తిప్పి పెట్టండి.

ఉద్దానం రైతు
అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే గాలి పెట్టి చూశాం. పైపు బుష్ దగ్గర కొన్ని బుడగలు, హ్యాండిల్ కింద ట్యాంక్ ముక్కలు కలిసే చోట సన్నగా గీతలా ఇంకొన్ని. అంటే రెండూ ఉన్నాయి. మిషన్ పట్టేది మా పాలేరు కొడుకే. వాడి చేతికి అతుకు వేసిన మిషన్ ఇవ్వలేను.

కలప డిపో
అయితే ట్యాంక్‌తో పాటు పైపు, బుష్, వెంట్, ఫిల్టర్ కూడా ఒకేసారి తెప్పించండి. పాత మిషన్ మోడల్ నంబర్ ప్లేటు ఫొటో తీసి షాపులో చూపించండి, ఒకేలా కనిపించే వేరే మోడల్ ట్యాంక్ ఇస్తే బోల్టులు కలవవు. వచ్చేదాకా పెట్రోల్ పోయకుండా పక్కన పెట్టండి.

టూ స్ట్రోక్ మెకానిక్
హ్యాండిల్ దగ్గరైతే నేనూ మార్చమనే అంటాను. అడుగున పగిలిన వాటికి మాత్రం నా మాట అదే.