పెయింట్ బకెట్లలో బియ్యం పోయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇంటికి రంగులేశాక 20 లీటర్ల ఎమల్షన్ (నీళ్లు కలిపే గోడరంగు) బకెట్లు, అడుగున కాస్త రంగున్న ఎనామిల్ (ఆయిల్ పెయింట్) డబ్బా మిగిలాయి. బకెట్లలో బియ్యం పోద్దామని అత్తయ్యగారు.

జవాబు: బియ్యం వద్దండీ, మంచినీళ్లూ వద్దు. ఎమల్షన్ బాగా ఆరితే పొర అంచు పట్టి లాగండి, రబ్బరులా ఊడొస్తుంది. అడుగున కన్నాలు పెట్టి మందార వేసుకోండి.

మరో జవాబు: ఎనామిల్‌తోనే టెన్షన్. టర్పెంటైన్‌తో కడిగి డ్రైనేజీలో పారబోయకండి. మా పెయింటరు కడిగిన టర్పెంటైన్‌ని సీసాలో తేరనిచ్చి, పైతేటతో మళ్లీ బ్రష్షులు కడుగుతాడు (పిసినారే, కానీ పద్ధతి మంచిదే). మిగిలిన రంగులో ఇసుక కలిపి, పొయ్యికీ పిల్లలకూ దూరంగా ఆరుబయట గట్టిపడనివ్వండి. పెయింట్ డబ్బాలను 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే ఇంటి ప్రమాదకర చెత్తగా లెక్కగట్టాయి. చెత్తబండివాళ్లకు విడిగా ఇవ్వండి.

ప్రశ్న: అత్తయ్యగారు గోంగూర వేస్తానంటున్నారు!

జవాబు: తినేవి వద్దని చెప్పండి. పూలే.